నర్సవ్వ సాలు

ఏడో వారం

గోడా, రాసుకో. నేను కొమురవ్వను, మానేరు గుమ్మటానికి గాలిపెద్దను. వారానికొక్కసారి పంట ముచ్చట గోడకు చెప్పాలె, గోడ రాసి పెట్టుకోవాలె, ఇది ఇక్కడి పద్ధతి. నాకంటె ముందున్న గాలిపెద్ద "అంతా మంచిదే" అని రెండు మాటలు చెప్పి తప్పుకునేటోడు. నాతోని అట్ల కాదు. నేను మొదలువెట్టిన్నంటె గోడక్కూడ ఆవులింతలు రావాలె.

పొద్దున గంట కొట్టిన. అందరు వచ్చి ఎవరి మక్కజొన్న సాలుల వాళ్ళు నిలవడ్డరు. బయటంత ఎర్రదుమ్ము, లోపల మనం చేసుకున్న ఊపిరి. అద్దాల కప్పు కింద ఆకు కూడ కదలది. మక్కకేమో గాలి లేకుంటె గింజ పట్టది. అందుకే మేమే గాలి. మక్క కర్రను నడిమిట్ల పట్టి ఊపుతం, పైన కొసన పూసిన జల్లు నుంచి పసుపుపచ్చ పొడి రాలుతది. ఈ నేల మీద బరువు తక్కువ గద, పొడి కూడ తీరుబడిగ దిగుతది, ముసలోళ్ళు మెట్లు దిగినట్టు. అది కంకి పీచు మీద పడాలె. ఒక్కొక్క పీచు పోగుకు లోపల ఒక్కొక్క గింజ. పోగుకు పొడి అంటకుంటె అక్కడ గింజ లేదు.

ఒక సాలు దులిపేటప్పుడు మిగిలిన సాళ్ళ కంకులన్నిటికి గుడ్డ సంచులు తొడగాలె. ఎవరి పొడి వాళ్ళ కంకికే. ఎందుకంటె ఒక్కొక్క సాలు ఒక్కొక్క అవ్వది. భూమి మీదికెల్లి వచ్చేటప్పుడు ఆ అవ్వలు తలా పిడికెడు గింజలు దాచుకొని తెచ్చిండ్రు. మా అవ్వ, నన్ను కన్న తల్లి నర్సవ్వ, రవిక అంచుల కుట్టుకొని తెచ్చింది, ముత్యాల లెక్క తెల్లటి గింజలు. ఆమె పేరు పలక మా సాలు మొదట్ల నిలవెట్టి ఉన్నది. ప్రతి పంటకు మా సాలుల అందమైన కంకి ఒక్కటి ఏరి గుమ్మానికి కడుతం, మళ్ళ దాన్నే ఇత్తుతం. నా చిన్నప్పటి సంది ఇదే పని.

ఇగ అసలు ముచ్చట. మా సాలుకు జల్లు వచ్చింది, పొడి రాలుతున్నది. పీచు మాత్రం రాలే.

పోయిన పంటల కూడ గిట్లనే ఆలస్యమైంది. పీచు వచ్చేసరికి పొడి అడుగంటి, కంకికి నోట్ల పండ్లు ఊడినట్టు అక్కడక్కడ గింజలు పట్టినయ్. కర్రలు కూడ నా భుజం దాటుతలేవు. మా అవ్వ కాలంల నిచ్చెన వేసుకొని దులిపేటోళ్ళట. నాకు లోపల బుగులైతున్నది. మా ఐలయ్యకు చెప్తే, "వస్తది తియ్, పీచుకు మాత్రం తొందరెందుకు" అన్నడు. మా ఆయనకు జీవితంల ఒక్కటే తొందర, పొయ్యి మీదికెల్లి మక్క గట్క దించినప్పుడు.

ఎనిమిదో వారం

పీచు రాలే. పొద్దుమాపు పోయి కంకుల కొసలు పట్టి చూస్తున్న.

సాలుకు ఇత్తనం కంకి రాకుంటె ఏమైతదో గోడకు తెలుసు, అయినా చెప్తున్న. పేరు పలక పీకేస్తరు. ఆ ఇంటోళ్ళు అందరితోని గట్క తింటరు, అందరితోని పని చేస్తరు, కాని వాళ్ళ అవ్వ పేరు మీద మళ్ళ ఏదీ మొలవది. ఇప్పటికే కొన్ని సాళ్ళు అట్ల ఖాళీ అయినయ్. రాయమల్లు వాళ్ళ సాలు రెండు పంటల కింద పోయింది. ఆ జాగల ఇప్పుడు పుదీన పెరుగుతున్నది. రాయమల్లు ఆ పక్క నుంచి నడవడు, చుట్టు తిరిగి పోతడు.

నా చేతుల మీద మా అవ్వ సాలు పోవుడా? ఆ మాట తలుచుకుంటె నాకు ముద్ద దిగుతలేదు.

ఇయ్యాల కథ రోజు. పీచు వచ్చే వారంల గాలిపెద్ద పెద్ద వంటింట్ల కూసొని మక్క కథ చెప్పాలె. అందరు గింజలు ఒలుసుకుంట వింటరు. సున్నం నీళ్ళల్ల నానిన మక్కలు పొట్టు తీసుకుంట మా ఐలయ్య కూడ కూసున్నడు. నేను ఎప్పటి లెక్కనే అందుకున్న.

సముద్రాల అవతల గుట్టల దేశంల మక్క ఒక గడ్డి. నాలుగు గింజలు, అవి కూడ పంటి కింద రాళ్ళు. అక్కడి ఆడోళ్ళు ఏరి ఏరి ఇత్తిండ్రు. వేల ఏండ్లు ఏరిండ్రు. ఆఖరుకు కంకి గంత లావై, పొరల మీద పొరలు చుట్టుకొని, తన గింజ తాను రాల్చుకోలేని తీరుకు వచ్చింది. మనిషి ఒలిచి ఇత్తకుంటె మక్క లేదు. మక్క లేకుంటె ఆ మనుషులు లేరు. దాని మీదనే వాళ్ళ ఊర్లు లేచినయ్, గుళ్ళు లేచినయ్, రాజులు లేచి పన్నుల కింద మళ్ళ మక్కలే గుంజుకున్నరు. తర్వాత ఓడలోళ్ళు వచ్చిండ్రు. గింజ తీసుకపోయిండ్రు కాని సున్నం నీళ్ళల్ల ఉడకవెట్టే పద్ధతి అడగలేదు. అది గూడ ఏం పద్ధతి అనుకున్నరు. సున్నం తగలకుంటె మక్కల సత్తువ ఒంటికి పట్టదని వాళ్ళకు తెల్వది. ఆ దేశాల బీదోళ్ళు ఒట్టి మక్క తిని మెడ చుట్టు తోలు ఊడి, మతి తప్పి పోయిండ్రు. కడుపుల గింజ ఉండంగనే పోయిండ్రు. ఇంకో దిక్కు అదే మక్క నల్లోళ్ళ దేశాలల్ల కడుపులు నింపింది, అదే మక్క సంకెళ్ళేసిన మనుషులను మోసిన ఓడలల్ల కూడు అయ్యింది. తిరిగి తిరిగి మన దక్కనుకు వచ్చింది. వరన్నం దొరకనోళ్ళు గట్క కాచుకున్నరు. కాలం మారినంక మనుషులు వదిలేసిండ్రు, కోళ్ళకేసిండ్రు.

"కోళ్ళు తినేది మనం తింటున్నం" అన్నడు మా ఐలయ్య. ప్రతిసారి ఈ జాగల ఈ మాట అంటడు. ప్రతిసారి నవ్వుతరు.

నేను కథ ముగించి లేవబోయిన. వెనుకకెల్లి ఒక గొంతు వినవడ్డది.

"కొమురవ్వా, ఆ గుట్టల దేశపు ఆడోళ్ళు సంచులు కట్టిండ్రా?"

భూదవ్వ వదినె. చచ్చిపోయిన మా అన్న పెండ్లాం. మా సాలు పక్కనే ఆమె సాలు, పుట్టింటికెల్లి తెచ్చుకున్న పోశవ్వ సాలు, నేరేడుపండు లెక్క నల్లటి గింజ. మా ఇద్దరికి మాటల్లేక నాలుగు పంటలైంది. అప్పుడు నా తెల్ల కంకిల ఒక్క నల్లగింజ కనవడ్డది. ఆమె దులిపిన రోజు నా కంకి సంచి ఎక్కడనో చినిగి ఉండొచ్చు. కాని నేను గాలిపెద్దను గద, పదిమందిల నిలవడి "నీ నల్లపొడి నా ఇంట్ల జొరవెట్టినవ్" అని లొల్లి చేసిన. వేరే రంగు గింజ పడ్డ మచ్చ కంకి ఇత్తనానికి పనికిరాదు, గట్క కుండలకు పోవాలె, పోయింది. ఆనాటి సంది ఆమె నాతోని మాట్లాడలే. ఇన్ని రోజులకు మాట్లాడితే ఈ ప్రశ్న.

ఇన్నేండ్లు ఆ కథ చెప్పిన్నే, ఒక్కనాడు కూడ ఆ సంగతి సోయికి రాలే. పక్కన కూసున్న సుచరితను చూసిన. భూదవ్వ బిడ్డ, నా మేనకోడలు. పెద్ద గుమ్మటంల పంటల చదువు చదివి వచ్చింది.

"కట్టలేదత్తా" అన్నది. "పక్క ఊరి గింజ నచ్చితే అడుక్కొచ్చుకొని తమ చేన్ల కలిపి ఇత్తుకునేటోళ్ళు. గాలి ఎటు తీసుకపోతె అటు."

వంటింట్ల అందరు నన్నే చూస్తున్నరు. "ఆ దేశం వేరు, ఈ దేశం వేరు" అని లేచి వచ్చిన. నడుస్తుంటె సిగ్గయింది.

తొమ్మిదో వారం, మొదట్ల

మా సాలు జల్లు ఎండిపోయింది. ఊపితే రెండు మూడు రేణువులు రాలినయ్, అంతే.

గప్పుడే పీచు కొసలు కనవడ్డయ్. ఒక్కొక్క కంకికి ఒక్కొక్క కుచ్చు, పసిపిల్ల వెంట్రుకల తీరుగ. ఏడ్వాల్నా నవ్వాల్నా? పెండ్లి ముగిసి పందిరి పీకినంక పెండ్లిపిల్ల వచ్చినట్టున్నది. ఆ రెండు మూడు రేణువులు ఏ పోగుకన్న తగిలినయో లేదో.

సుచరిత వచ్చి చూసి, నా పక్కన మట్టిల కూసున్నది.

"అత్తా, నీ సాలుకు జబ్బు లేదు. తిప్పి తిప్పి తన పొడే తనకు పడీ పడీ బలం పోయింది. అట్లైతే పొట్టిగైతయ్, పీచు ఆలస్యమైతది. అందరి సాళ్ళకు ఇదే వస్తున్నది, నీకు జర ముందు వచ్చింది. వేరే పొడి పడితే ఒక్క పంటల లేస్తది. నేను ఎన్నిసార్లు చెప్పలే నీకు?"

చెప్పింది. నిజమే. చెప్పినప్పుడల్ల నేను "చదువుకున్నవ్ గద, నీకు అవ్వలెందుకు" అని దెప్పిన.

"ఇప్పుడు పొడి ఎవరి దగ్గరున్నది?" అన్న.

"నిండుగున్నది మా అవ్వ సాలొక్కటే, మిగిలిన సాళ్ళల్ల అడుగుబొడుగే. ఈసారి ఆమెకు జల్లు ఆలస్యమైంది. మూడు నాలుగు రోజులు రాలుతది." చేతుల మట్టి దులుపుకొని, "నువ్వు అడగలేవని నాకు తెలుసు. కాయితం సంచిల దులుపుకొచ్చి ఇస్త. ఎవరికి చెప్పను" అన్నది.

నేను తలకాయ ఊపిన. ఊపిన, గోడా, అబద్ధమెందుకు. ఆమె నాలుగడుగులు పోయినంక నాకు మతికి వచ్చి నవ్వొచ్చింది. నల్లపొడి తెల్ల కంకి మీద పడితే గింజ నల్లగ పడుతది. వచ్చే పంట దాక ఆగది, ఈ కంకిలనే కనవడుతది. పొర ఒలిచిన రోజు ఊరందరి ముంగట కంకే చెప్తది, నేను నోరు మూసుకొని ఏం లాభం?

"సుచరితా, ఆగు బిడ్డా. నేనే పోత."

అదే రోజు, మాపు

భూదవ్వ వదినె పేలాలు ఏంచుతున్నది. నన్ను చూసి కూసోమనలే, పొమ్మనలే. పెనం మీద పేలాలు ఎగురుతున్నయ్.

"వదినె, నాకు నీ పొడి కావాలె" అన్న.

ఆమె పెనం దించింది. "నల్లపొడా?"

"నల్లపొడే."

"నీ ఇంట్ల జొరవెట్టిన్నని గంతమందిల గంత మాటంటివి. ఇప్పుడు నువ్వే వచ్చి జొరవెట్టమంటున్నవ్."

"అంటున్న. నర్సవ్వ సాలు పోతది, వదినె. నా తోని వశపడ్తలేదు."

నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఆపుకోలే, ఆపుకోవాలనిపియ్యలే. ఆమె నా దిక్కు చూడకుంట పేలాలు గిన్నెల పోసింది.

"మీ అవ్వ నాకు అత్త" అన్నది ఆఖరుకు. "నేను కొత్తకోడలుగ వచ్చిన నాడు నా నల్ల కంకిని తన తెల్ల కంకి పక్కన ఒక్కటే మేకుకు కట్టింది. నువ్వప్పుడు చీమిడి ముక్కుతోని తిరుగుతున్నవ్, నీకేం తెలుసు. పొడి ఇస్త. కాని సంచిల ఇయ్య, చాటుకు ఇయ్య. రేపు గంట కొట్టు. అందరి ముంగట సంచులన్ని ఇప్పించు. నా సాలు నుంచి నీ సాలుల దాక, నీ సాలు నుంచి నా సాలుల దాక నడువు. నా సాలు మాత్రం బాగున్నదనుకున్నవా? కర్రలు చూడు, చీపురు పుల్లలు."

గిన్నె నా ముంగటికి జరిపింది. "తిను. ఉత్త చేతులతోని పంపుతె నీ నోటికి మళ్ళ నేనే దొరుకుత."

తిన్న. ఉప్పు ఎక్కువైంది. చెప్పలే.

తొమ్మిదో వారం, నడుమ

గంట కొట్టిన. అందరు సంచులు పట్టుకొని వచ్చిండ్రు.

"ఇయ్యాల సంచులు లేవు. కట్టినయ్ కూడ ఇప్పుండ్రి" అన్న. "ఒక చివర నుంచి ఇంకో చివరకు అందరం కలిసి నడుస్తం. ఏ కర్ర చేతికి అందితే ఆ కర్ర ఊపుండ్రి. మనం గాలి. గాలి ఇంటిపేరు అడిగి వీస్తదా?"

ఒక్కరు కదలలే. ఒకామె తన కంకిని రెండు చేతులతోని కప్పుకున్నది, పిల్లగాడి చెవులు మూసినట్టు. నేను ఆమెను ఏమనలే. నిన్నటిదాక నేను గూడ గదే చేసిన.

నేను, భూదవ్వ వదినె నడిచినం. ఆమె తన కర్రలు ఊపుతుంటె పొడి లేచి మెల్లగ, మస్తు మెల్లగ మా సాలు మీదికి దిగింది. మా పీచు మీద పసుపు పడుతుంటె నేను నిలవడి చూసిన. వెనుక అడుగుల చప్పుడైతె తిరిగి చూసిన. మా ఐలయ్య. రెండు చేతులతోని కర్రలు ఊపుకుంట, తుమ్ముకుంట వస్తున్నడు. ఆయన వెనుక సుచరిత. ఆ తర్వాత ఒక్కొక్కరు కదిలిండ్రు. కంకి కప్పుకున్నామె ఆఖరు దాక రాలే, కాని పోయేటప్పుడు చేతులు తీసింది.

పదిహేనో వారం

పొరలొలిచే రోజు. గాలిపెద్ద కంకే ముందుగాల ఒలవాలె, అందరి నడుమ.

పొర తీసిన. కంకి నిండుగున్నది, ఒక్క గింజ జాగ కూడ ఖాళీ లేదు. అంతా నలుపు. అడుగున మాత్రం నాలుగైదు తెల్లగింజలు, ఎండిపోయేముందు మా జల్లు రాల్చిన ఆఖరు రేణువులు మొదటి పీచుకు అంటినట్టున్నయ్. మిగిలిందంత భూదవ్వ కంకే అంటె ఎవరన్న నమ్ముతరు.

నేను కోరుకున్నది దొరికింది. అయినా సంబురం కాలే. మా అవ్వ తెలుపు నా కండ్ల ముంగటనే పోయింది, నా చేతులతోని నేనే పోగొట్టుకున్న. ఆ నిమిషం నాకు ఎవరి మాట వినవడలే.

రాయమల్లు ముందుకొచ్చిండు. "పెద్దమ్మా, మచ్చ కంకి కుండలకు పోవాలె గదా?" అన్నడు. కోపంగ అనలే. అందుకే ఎక్కువ తగిలింది. వాళ్ళ ఇంటి కంకుల మచ్చలు చూసి కుండల ఏయించింది నేనే. ఆ తర్వాత వాళ్ళకు ఇత్తనానికి మిగల్లే.

కంకిని మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేసిన. ఒక ముక్క రాయమల్లు చేతుల పెట్టిన. "పుదీన పీకేయ్. మీ అవ్వ పలక ఎక్కడున్నది?"

"మంచం కిందున్నది" అన్నడు.

మిగిలిన ముక్క మా గుమ్మానికి కట్టిన. మాపటికి భూదవ్వ వదినె వచ్చి చూసి, చేతుల ఉన్న తన కంకిని అదే మేకుకు కట్టింది. ఆమె కంకి కూడ ఎన్నడు లేనంత నిండుగున్నది. "జరుగు, నాకు జాగ చాలుతలేదు" అన్నది. కంకితోని అన్నదో నాతోని అన్నదో.

సుచరిత నా మొఖం చూసి, "అత్తా, తెలుపు పోలే. నల్లగింజ లోపలనే ఉన్నది. మళ్ళ పంట దాక ఆగు" అన్నది. నన్ను ఊకుంచడానికి అంటున్నదనుకున్న.

మళ్ళ పంట, పదిహేనో వారం

గోడా, మొన్నమొన్నటి దాక నీతోని సరిగ్గ మాట్లాడలే. తీరిక లేకుండె. కర్రలు మా ఐలయ్య తల దాటి పోయినయ్. నిచ్చెన కోసం ఇల్లిల్లు తిరిగినం, ఎవరి దగ్గర లేదు, ఇన్నేండ్లు ఎవరికి అవసరం పడలే గద. ఆఖరుకు రెండు మంచాలు నిలవెట్టి కట్టి ఎక్కి దులిపినం. జల్లు, పీచు ఒక్క వారంలనే వచ్చినయ్. సంచులు విప్పి పిల్లలకు అంగీలు కుట్టిండ్రు.

ఇయ్యాల ఒలిచినం. మొదటి కంకి పొర తీసిన. నల్లగింజల నడుమ తెల్లగింజలు. అడుగున కాదు, కొసకు కాదు. ప్రతి వరుసల, ఇక్కడొకటి అక్కడొకటి. రెండో కంకి ఒలిచిన, అట్లనే. మూడోది, అట్లనే. అవే ముత్యాల లెక్క తెల్లటి గింజలు, చిన్నప్పుడు మా అవ్వ నా అరచేతుల పోసి చూపెట్టినయే. నేను కంకి ఒళ్ళె పెట్టుకొని ఏడ్చిన. దాచుకోలే.

మా ఐలయ్య వంగి చూసిండు. "మీ అవ్వకు మీ వదినె ఇంట్ల మంచిగనే నడుస్తున్నట్టుంది. నడుమనడుమ పీట వేసుకొని కూసున్నది."

"మా అత్తకు నేను ఎప్పుడు పీట వెయ్యలే?" అన్నది భూదవ్వ వదినె.

రాయమల్లు వాళ్ళ సాలు కూడ నిండింది. పలక మీద దుమ్ము తుడిచి పాతిపెట్టుకున్నడు. అందరి గింజలు ఒక్క గంపల పోసినం. ఏది ఎవరిదని ఎవరు ఏరలే. వచ్చే సోమవారం ఇత్తుతం. ఈ మాపు గట్క చిక్కగ కాచిండ్రు. మా ఐలయ్య పిలుస్తున్నడు, పోయొస్త.